సుంకపు నాకా తీసిన తరువాత
(రాయచూరు జిల్లా ప్రవాసాంధ్రుల ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మాకిచ్చిన విషయము "ఒక దేశము ఇరుగుపొరుగు దేశాలతో ఆర్థిక కూటమిలో చేరితే కలిగే లాభనష్టాలు" అన్నది. పంచాంగ శ్రవణానికీ, పిల్లల పాటల కచేరీకీ నడుమ ఈ సుంకాల ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కాని పంచాంగము విప్పగానే మనమందరమూ మొదట అడిగేది ఏమిటి? మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అనే గదా. ఒక దేశము కూటమిలో చేరేటప్పుడు అడుగవలసినవీ ఈ నాలుగే. వచ్చేదెంత, పోయేదెంత, నలుగురిలో మన మాటకు విలువ ఎంత, ఇతరుల మాటకు తలవంచవలసినది ఎంత. పంచాంగములో ఇవి అంకెలుగా వ్రాసి ఉంటాయి. దేశాల విషయంలో అవి మనమే లెక్క కట్టుకోవాలి.

ముందుగా మాటకు అర్థము తెలుసుకుందాము. ఆర్థిక కూటమి అంటే ఒకే మెట్టు కాదు, నాలుగు మెట్లు. కొన్ని దేశాలు తమలో తాము ఒకరి సరకుపై ఒకరు సుంకము తీసివేసి, బయటివారి సరకుపై ఎవరి సుంకము వారు ఉంచుకుంటే అది మొదటి మెట్టు. దానిని స్వేచ్ఛా వ్యాపార మండలమంటారు. బయటి సరకుపై కూడ అందరూ ఒకే సుంకము వేస్తే అది రెండవ మెట్టు, సుంకాల కూటమి. సరకులతోపాటు మనుష్యులు, పెట్టుబడి కూడ అడ్డు లేకుండా వచ్చిపోతే అది మూడవ మెట్టు, ఉమ్మడి మార్కెట్టు. నాణెము కూడ ఒకటే అయితే అది నాల్గవ మెట్టు. మెట్టు ఎక్కినకొద్దీ లాభము పెరుగుతుంది. అట్లే మన ఇంటి తాళపు చెవులలో కొన్ని పదిమంది చేతులలో పెట్టడము కూడ పెరుగుతుంది.

ఐరోపాలో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్సు, లక్సెంబర్గు అనే ఆరు దేశాలు 1957 మార్చి 25న రోము నగరంలో సంతకాలు చేసి ఈ మెట్లు ఎక్కడము ప్రారంభించినవి. లోపలి సుంకాలు పూర్తిగా పోయి సుంకాల కూటమి ఏర్పడడానికి 1968 జూలై వరకు పట్టినది. ఉమ్మడి నాణెమైన యూరో 1999లో పుట్టి, నోట్ల రూపంలో 2002లో ప్రజల చేతికి వచ్చినది. అనగా నాలుగు మెట్లకు నలుబది ఐదేండ్లు. మన రాయచూరు ఈ నాలుగు మెట్లనూ సుమారు పదకొండేండ్లలో ఎక్కినది. ఆ చరిత్ర ఇక్కడి నేలమీదనే జరిగినది కాబట్టి రోము కంటె రాయచూరునే ముందు చూద్దాము.

1948 సెప్టెంబరు వరకు రాయచూరు నిజాం ప్రభువు హైదరాబాదు సంస్థానంలోని ఒక జిల్లా. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ అంతర్వేదిని 1853లో కంపెనీవారికి అప్పగించినారు, 1860లో అది తిరిగి నిజాముకు వచ్చినది. సంస్థానానికి తన టపా, తన రైల్వే, తన నాణెము, తన సుంకాల శాఖ ఉండేవి. ఆ శాఖను కరోడ్‌గిరి అనేవారు. నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ 1802లో జరిగిన వర్తకపు ఒప్పందము మొదలు నూటికి 5 రూపాయల సుంకము ఆచారమైనది. తుంగభద్రకు ఆవలి ఒడ్డున ఆదోని తాలూకా, అది మద్రాసు రాజధాని. ఈవలి ఒడ్డు నిజాం రాజ్యము. ఇరువైపులా అదే నల్లరేగడి, అవే జొన్నలు, అదే పత్తి, అవే సంబంధ బాంధవ్యాలు. అయినా నది దాటిన బట్టల మూట నాకా దగ్గర ఆగవలసినదే. బొంబాయినుండి వచ్చిన రైలుదారీ, మద్రాసునుండి వచ్చిన రైలుదారీ 1871లో రాయచూరులోనే కలిసినవి. రైలు కలిపిన చోటనే సుంకము విడదీసినది.

నాణెముదీ ఇదే కథ. ఇక్కడ చెల్లేది హాలీ సిక్కా, అవతల చెల్లేది కల్దారు. నూరు కల్దారు రూపాయలకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైల హాలీ సిక్కా లెక్క. సులువుగా చెప్పాలంటే ఆరు కల్దార్లకు ఏడు సిక్కాలు. ఆదోని సంతలో సరకు కొనాలన్నా, ఆవలి ఒడ్డున ఆడపిల్లకు కట్నకానుకలు ఇవ్వాలన్నా మధ్యలో మారకపు వర్తకుడు తన వాటా తీసుకోవలసినదే. 1947-48 నడుమ సంస్థానానికీ భారత ప్రభుత్వానికీ తగవు ముదిరినప్పుడు సంస్థానములో భారతదేశపు నాణెము చెల్లదని కూడ శాసించినారు. ఆర్థిక సరిహద్దు అనేది ఎంతటి గోడ కాగలదో ఆనాటివారికి తెలిసివచ్చినది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. తరువాత మెట్లు వరుసగా వచ్చినవి. 1950 ఏప్రిలు 1 నుండి రైల్వే, టపా, ఆదాయపు పన్ను వంటివి కేంద్రము చేతిలోనికి పోయినవి. 1950లోనే భారత రూపాయి ఇక్కడ ప్రవేశించినది. సిక్కా కూడ కొంతకాలము పక్కనే నడిచి, 1959లో పూర్తిగా రద్దయినది. ఇక్కడ గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. సంస్థానాలు ఒక్క రాత్రిలో తలుపులు తెరువలేదు. దేశమంతటా వ్యాపారము స్వేచ్ఛగా సాగవలెనని రాజ్యాంగము 301వ అధికరణములో చెప్పినది. అయినా పూర్వపు సంస్థానాలతో ఒప్పందము చేసుకొని లోపలి సుంకాలను పదేండ్లకు మించని గడువు వరకు సాగనిచ్చే వీలు 306వ అధికరణములో కల్పించినారు. పోయిన రాబడికి కేంద్రము కొంతకాలము భర్తీ ఇచ్చే ఏర్పాటు 278వ అధికరణములో ఉండినది. పని ముగిసినది కాబట్టి 1956లో ఏడవ సవరణ ద్వారా ఈ రెండు అధికరణములను తీసివేసినారు. గడువు, భర్తీ అనే ఈ రెండు మాటలను సభవారు జ్ఞాపకముంచుకోవలెను. మా ప్రసంగమంతటికీ కీలకము ఆ రెండే.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనది. రాయచూరు మైసూరు రాష్ట్రానికి వచ్చినది. ఈ జిల్లాలోని గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశానికి పోయినవి. ఇప్పుడవి తెలంగాణలో ఉన్నవి. ఒకే జిల్లాగా ఉన్నచోట రాష్ట్రపు గీత పడినది. పదేండ్ల క్రితము అట్టి గీత పడి ఉంటే అక్కడ ఒక నాకా, ఒక జవాను, ఒక రసీదు పుస్తకము వెలసి ఉండేవి. ఈసారి గీత పడినది గాని నాకా పడలేదు. గద్వాల ప్రాంతపు రైతు తన పత్తినీ వేరుశెనగనూ రాయచూరు మార్కెట్టుకు తోలుకొని రావడము ఆగలేదు. రాజకీయపు గీతలోని కరుకుదనాన్ని ఆర్థిక ఐక్యత ఎంతగా తగ్గించగలదో చూపడానికి ఇంతకంటె మంచి నిదర్శనము మాకు కనిపించదు.

ఇక ఆదాయపు పద్దు చూద్దాము.

మొదటి లాభము విపణి పెరగడము. చిన్న విపణిలో పంట బాగా పండినా రైతుకు కీడే, ధర పడిపోతుంది. పెద్ద విపణిలో ఒకచోటి మిగులు మరొకచోటి కొరతను తీరుస్తుంది. దక్షిణ దేశములో దీనికి చక్కని పరీక్ష జరిగినది. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ రాష్ట్రాలను కలిపి దక్షిణ బియ్యపు మండలము ఏర్పరచినారు. ఆ నాలుగింటి మధ్య బియ్యము స్వేచ్ఛగా తిరుగవచ్చును. గోదావరి కృష్ణా జిల్లాల మిగులు బియ్యానికి కేరళ, మద్రాసు గిరాకీ దొరికినది. కేరళవారికి అన్నము దొరికినది. అయితే మిగులు జిల్లాలలోని పట్టణవాసులు, కూలిజనము తమ ఊరి బియ్యము పైకి పోయి ధర పెరిగినదని మొరపెట్టుకున్నారు. 1964లో మండలాన్ని విడదీసి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే మండలము చేసినారు. అంతట మిగులు ఉన్నచోట రైతుకు ధర లేదు, కొరత ఉన్నచోట గింజ లేదు. ఆ రోజులలో ఈ జిల్లాలో కాపురము పెట్టిన మనవారు రాష్ట్రపు ఎల్ల దాటి వియ్యాలవారింటికి బియ్యపు మూట పంపాలన్నా తనిఖీవారిని తలచుకొని జంకవలసి వచ్చేది. కలపడములో ఒకరికి నొప్పి, విడదీయడములో ఇంకొకరికి నొప్పి. ఏదీ ఉచితముగా రాదు.

రెండవ లాభము కొలతలు, నియమాలు ఒకటి కావడము. సేరు ఒక ఊరిలో ఒక తూకము, ఇంకొక ఊరిలో ఇంకొక తూకముగా ఉన్నంతకాలము నష్టపోయేది చదువురాని రైతు. 1956లో తూనికల శాసనము వచ్చి కిలోగ్రామును దేశానికంతటికీ ప్రమాణము చేసినది. 1957 ఏప్రిలు 1న నూరు పైసల రూపాయి వచ్చినది. సుంకము తీసినంత మాత్రాన వ్యాపారము సాగదు, తక్కెడ కూడ ఒకటి కావాలి. ఐరోపా కూటమి చేసిన పనిలో సగము ఇట్టి తక్కెడలను సరిచేయడమే.

మూడవ లాభము మనుష్యులు, పెట్టుబడి కదలడము. ఈ లాభానికి సాక్ష్యము వెదకనక్కరలేదు, ఈ సభలో కూర్చున్న మనమే సాక్ష్యము. గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు సీమలలో ఉన్న కొద్దిపాటి పొలము అమ్ముకొని, ఆ పైకముతో ఇక్కడ దానికి ఎన్నోరెట్ల మెట్టభూమి కొన్న కుటుంబాలు మనవి. నల్లరేగడిని చదును చేసి, గట్లు వేసి, బోదెలు తీసి, గుడిసెలు వేసుకున్న చోట్లే తరువాత క్యాంపులుగా పేరుబడినవి. సింధనూరు పక్కనే తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకుల పునరావాస కాలనీలు ఉన్నవి. ఒక దేశములోని రైతు మరొక దేశానికి పోయి ఇట్లు భూమి కొని స్థిరపడడము తేలికైన పని కాదు. ఒకే కూటమిలో ఉన్నప్పుడే అది సాధ్యము.

నాల్గవ లాభము ఉమ్మడి నిర్మాణాలు. తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న ఒకే రోజు రెండు ఒడ్డులందు పునాదిరాళ్ళు పడినవి. అటు మద్రాసు గవర్నరు, ఇటు హైదరాబాదు యువరాజు వేసినారు. అంతకుముందు 1944లో చెరి 65 టి.ఎం.సి.ల నీరు తీసుకొనేటట్లు మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు ఒడంబడిక చేసుకున్నవి. నాణెమూ సుంకమూ వేరుగా ఉన్న రోజులలోనే రెండు ప్రభుత్వాలు ఒక నదిపై చేతులు కలిపినవని దీని అర్థము. 1953 జూలై 1న కాలువలకు నీరు వదలినారు. ఆ సంవత్సరమే తుంగభద్ర బోర్డు ఏర్పడి, ఈనాటికీ కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ బోర్డులో కూర్చుంటున్నవి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు మూడు రాష్ట్రాల రైతులూ ఒక్కసారే నిద్ర మేలుకున్నారు. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి సలహాతో, పారే నీటిలోనే వారము రోజులలో అడ్డుపలకలు దించినారు. ఆ సాహసము మెచ్చదగినదే. కాని ఉమ్మడి ఆస్తిని ఎప్పటికప్పుడు మరమ్మతు చేసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కూడ ఆ రాత్రియే లేచినది. పదిమంది ఆవు పస్తు పడుకోకుండా చూసుకోవడము కూటములన్నిటికీ పరీక్షయే.

ఇప్పుడు వ్యయపు పద్దు చూద్దాము.

మొదటి నష్టము రాబడి. సుంకము పోతే ఆ సుంకముపై నడిచిన బడులు, ఆసుపత్రులు, జీతాలు దేనిపై నడవాలి? జర్మనీలోని చిన్న రాజ్యాలు 1834లో సుంకాల కూటమి కట్టినప్పుడు వచ్చిన సుంకాన్ని జనసంఖ్యనుబట్టి పంచుకున్నవి. మన దేశములో 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు రాష్ట్రాలకు ఐదేండ్లపాటు, ఏటా నూటికి 14 పెరుగుదల లెక్కగట్టి, లోటు భర్తీ చేస్తామని శాసనము చేసినారు. ఆ గడువు 2022 జూనుతో తీరినది. భర్తీ లేకుంటే రాష్ట్రాలు ఆ కూటమిలోనికి వచ్చి ఉండేవి కావు.

రెండవ నష్టము నిర్ణయము దూరమైపోవడము. వస్తుసేవల పన్ను మండలిలో కేంద్రానికి మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతుల ఓటు. నాల్గింట మూడు వంతుల మద్దతు ఉంటేగాని తీర్మానము నెగ్గదు. అందువల్ల కేంద్రము ఒప్పుకోనిది జరుగదు, ఏ ఒక్క రాష్ట్రమూ తన మాట తానే నెగ్గించుకోలేదు. దీని ఫలము మన బియ్యపు మిల్లులలోనే చూడవచ్చు. 2022 జూలై 18 నుండి ముందుగా కట్టి పేరు ముద్రించిన 25 కిలోల వరకు ఉన్న బియ్యపు సంచిపై నూటికి 5 పన్ను పడినది. వెంటనే అంగళ్ళలో 26 కిలోల సంచులు వెలసినవి! తినే కుటుంబము పెరగలేదు, అన్నము పెరగలేదు, సంచి ఒక కిలో పెరిగినది. మిల్లును ఎరుగనివారు నియమము వ్రాస్తే మిల్లువారు దానికి ఇట్లే జవాబు వ్రాస్తారు.

మూడవ నష్టము నాణెము చేతినుండి పోవడము. సొంత నాణెమున్న దేశము కష్టకాలములో దాని విలువ తగ్గించుకొని, తన సరకు బయటివారికి చవక చేసి అమ్ముకోవచ్చు. గ్రీసు దేశము 2001లో తన ద్రాక్మాను వదలి యూరో పుచ్చుకున్నది. దాదాపు పదేండ్లకు అప్పులు మీదపడినప్పుడు ఆ ఉపాయము చేతిలో లేకపోయినది. జీతాలు, పింఛనులు కోసుకోవడమే మార్గమైనది. నాల్గవ మెట్టు ఎక్కేవారు ముందుగా ఆలోచింపవలసినది ఇదియే.

నాల్గవ నష్టము అన్నిటికంటె పెద్దది. లాభము ఒకచోట పోగుపడడము. తూర్పు ఆఫ్రికాలో కెన్యా, ఉగాండా, టాంజానియా 1967లో కూటమి కట్టినవి. పరిశ్రమలు ఎక్కువగా కెన్యాకే పోతున్నవని తక్కిన రెండు దేశాలూ బాధపడినవి. రాజకీయపు తగాదాలు కూడ తోడై 1977లో ఆ కూటమి కూలినది. మరల నిలబడడానికి 2000 వరకు పట్టినది. ఇంత దూరము పోనేల, మన శక్తినగరు చూడండి. సింగరేణి బొగ్గు ఎల్ల దాటి వస్తుంది, 1,720 మెగావాట్ల శక్తిగల కేంద్రములో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు రాష్ట్రమంతటా వెలుగుతుంది. బూడిద మాత్రము రాయచూరులోనే ఉంటుంది.

ఈ వెనుకబాటుకు మందు ఏమిటి? ఐరోపా కూటమి 1975లో వెనుకబడిన ప్రాంతాలకై ఒక నిధి నెలకొల్పినది. మన దేశములో రాజ్యాంగపు 98వ సవరణ ద్వారా 371-జె అధికరణము వచ్చినది. రాయచూరుతో సహా పూర్వపు హైదరాబాదు కర్ణాటక ప్రాంతానికి వేరుగా అభివృద్ధి మండలి, చదువులలోనూ ఉద్యోగాలలోనూ స్థానికులకు ప్రత్యేక వాటా దానివల్ల లభించినవి. సిక్కాలు మాసిపోయి ఏబదేండ్లు దాటిన తరువాత కూడ ఈ భర్తీ అవసరమైనదంటే, కలిసినంత మాత్రాన సమానము కామని తెలుస్తున్నది.

సభవారు అడుగవచ్చు: ఇంత తెలిసిన తరువాత మన దేశము పొరుగు దేశాలతో కలవవలెనా, వద్దా? మన దేశము దక్షిణాసియా స్వేచ్ఛా వ్యాపార ఒప్పందములో ఉన్నది, అది 2006లో అమలుకు వచ్చినది. ఆగ్నేయాసియా దేశాలతో చేసుకున్న సరకుల ఒప్పందము 2010 జనవరి 1న అమలైనది. కాని చైనా, జపాను, ఆస్ట్రేలియా, న్యూజీలాండు మొదలైనవి చేరిన పెద్ద కూటమిలో చేరబోమని 2019 నవంబరు 4న బాంకాకులో చెప్పి వచ్చినది. తక్కిన 15 దేశాలు 2020లో సంతకాలు చేసినవి. ఒకటి రెండు పాడిపశువులతో బ్రతికే మన ఇంటి ఇల్లాలు న్యూజీలాండు పాలపొడితో పోటీ పడగలదా అన్న ప్రశ్న ఆనాడు గట్టిగా వినిపించినది. అది న్యాయమైన ప్రశ్న. అయితే బయట ఉండడము కూడ ఉచితము కాదు. ఆ ఒప్పందము క్రింద ఆ 15 దేశాలు ఒకరికొకరు ఇచ్చుకొనే సుంకపు తగ్గింపు మన సరకుకు దొరకదు.

పంటల విషయములో ఇంకా స్పష్టముగా చూడవచ్చు. దేశము వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతియే. పామాయిలు చవకగా రావడము పేదవాని వంటింటికి మేలు. వేరుశెనగ, పొద్దుతిరుగుడు వేసే ఈ జిల్లా మెట్టరైతుకు అదే ఉరి. పత్తి దిగుమతిపై 2021లో సుంకము వేసినారు, 2025 ఆగస్టులో ఆ సంవత్సరాంతము వరకు ఎత్తివేసినారు. మిల్లు యజమాని సంతోషించినాడు, రాయచూరు యార్డులో పత్తి దించిన రైతు దిగులుపడినాడు. ఇద్దరూ మన దేశస్థులే. కాబట్టి "దేశానికి లాభమా?" అని అడిగి ఊరకుంటే చాలదు. దేశములో ఎవరికి లాభము, ఎవరికి నష్టము, లాభపడినవాని వద్దనుండి నష్టపడినవానికి ఏమి ముట్టుతుంది అని అడుగవలెను.

ఏలనగా ఈ లాభనష్టాల స్వభావములోనే ఒక చిక్కు ఉన్నది. కూటమివల్ల వచ్చే లాభము పలుచనిది, అందరికీ కొద్దికొద్దిగా చేరుతుంది. నష్టము చిక్కనిది, కొందరి మీదనే పూర్తిగా పడుతుంది. నూనె డబ్బాలో నాలుగు రూపాయలు మిగిలినవాడు సభ పెట్టి హర్షము తెలుపడు. పంట అమ్ముడుపోనివాడు మాత్రము మరచిపోడు. ఆ కొందరిని పట్టించుకోని కూటమి వారి కోపానికే ఒకనాడు బలి అవుతుంది. బ్రిటను 1973లో ఐరోపా కూటమిలో చేరి, 2016 జూను 23న ప్రజల ఓటుతో వద్దనుకొని, 2020 జనవరి 31న బయటపడినది. దానికి కారణాలు అనేకము. అయినా పాత పరిశ్రమలు మూతబడిన పట్టణాలు పెక్కు వద్దనే ఓటు చేసినవన్నది గమనింపదగినది.

ఇంతవరకు దేశాల మాట చెప్పినాము. ఇక మన మాట చెప్పకపోతే ఈ ప్రసంగము పూర్తి కాదు.

తుంగభద్ర ఎడమ కాలువ మునీరాబాదు వద్ద బయలుదేరి గంగావతి, సింధనూరు, మాన్వి మీదుగా రాయచూరు దిక్కుగా పోతుంది. దాని ఆయకట్టు సుమారు ఆరు లక్షల ఎకరాలు. ఆనాటి ఇంజనీర్ల సంకల్పము కరవునాట నీటిని పలుచగా ఎక్కువమందికి పంచడము. జొన్న, పత్తి, వేరుశెనగ వంటి ఆరుతడి పంటలకే అధిక భాగము, వరికి కొద్ది భాగము. వరి సేద్యము తెలిసిన రైతులు వచ్చినారు, కాలువ పైభాగాన వరి విస్తరించినది. దానివల్ల కలిగిన మేలు కాదనరానిది. మిల్లులు వచ్చినవి, కూలి దొరికినది, సింధనూరు సోనామసూరి బెంగుళూరు, హైదరాబాదు వరకు పేరు తెచ్చుకున్నది. కాని కాలువ చివర ఉన్న మాన్వి, సిరవార, రాయచూరు తాలూకాల రైతులకు నీరు అందడము కష్టమైనది. నీరు నిలిచి చవిటిబారిన నేలలూ ఉన్నవి. పైగా జలాశయము నిర్మించిననాడు 133 టి.ఎం.సి.లు పట్టేది, పూడిక చేరి 2016 కొలతనాటికి సుమారు 106 టి.ఎం.సి.లకు తగ్గినది. గిన్నె చిన్నదైనది, తినేవారు తగ్గలేదు.

సోదరులారా, ఇది మనకు చిన్న ఎత్తున ఆర్థిక కూటమి కథయే. నాకా తీసినారు కాబట్టి మనము రాగలిగినాము. రాగలిగినాము కాబట్టి బాగుపడినాము. మెట్టభూమిని ఆనాటి ధరకు అమ్ముకొని, తరువాత ఆ పొలములోనే కూలికి వచ్చిన స్థానికుని సంగతి ఏమి? కాలువ చివర గడ్డి ఎండిన చేను గట్టున నిలబడిన రైతు సంగతి ఏమి? వారు మనలను పొమ్మనలేదు. చెరువు వద్ద, జాతరలో, బడిలో చోటిచ్చినారు, మన పిల్లలకు కన్నడము నేర్పినారు. మనవంతు భర్తీ చెల్లించడము న్యాయము. అది డబ్బుతో చెల్లేది కాదు. వంతుల ప్రకారము నీరు వదలడముతో, రెండవ పంటకు ఆరుతడి వేయడముతో, నీటి వాడకందార్ల సంఘాలలో చివరి ఊరి రైతును పక్కన కూర్చోబెట్టుకోవడముతో, ఇంట తెలుగు, వీధిలో కన్నడము సమానముగా గౌరవించడముతో చెల్లేది.

ఇప్పుడు నాలుగు పద్దులనూ కూడుదాము. ఏ దేశమైనా కూటమిలో చేరేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవలెనని మా అభిప్రాయము. ఆదాయము: మన వద్ద అమ్మదగిన సరకు ఏది, దానికి అక్కడ నిజముగా గిరాకీ ఉన్నదా? వ్యయము: నష్టపడేవారెవరో పేరుపేరునా తెలుసునా, వారికి గడువూ భర్తీ శాసనములో వ్రాసినారా? రాజపూజ్యము: నియమాలు వ్రాసే బల్లవద్ద మనకు కుర్చీ ఉన్నదా? అవమానము: పొరపొచ్చము వచ్చినప్పుడు న్యాయము చెప్పే మధ్యవర్తి ఉన్నాడా, తప్పనిసరి అయితే బయటికి రావడానికి దారి ఉన్నదా? ఈ నాల్గింటికీ తృప్తికరమైన జవాబు ఉంటే చేరవచ్చు. రెండింటికే ఉంటే మొదటి మెట్టు మీద నిలబడి చూడవచ్చు. ఒక్కదానికీ లేకుంటే ఎంత పెద్ద కూటమియైనా దూరమునుండి నమస్కరించడము మంచిది.

తలుపు మూసుకొని బాగుపడిన దేశము మా ఎరుకలో లేదు. తలుపు తెరచి ఇంటివారిని మరచిన దేశమూ సుఖపడలేదు. హాలీ సిక్కా పోయి రూపాయి వచ్చినందుకు రాయచూరు నష్టపోలేదనే మా నమ్మకము. అయితే ఆ లాభము కాలువ చివరి చేను దాకా పారిననాడే లెక్క పూర్తి అవుతుంది. ఈ నూతన సంవత్సరము ఆ నీటిని అక్కడిదాకా చేర్చుగాక.